గోడలో గుటకలు

చెంచులక్ష్మి సోమశిల దగ్గర పెన్న ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే పోలేరయ్యకు ఇచ్చి చేశారు. అత్తగారింట చేప ముక్క కనిపిస్తే పండగే. కొన్నాళ్ళు ఓర్చుకుంది. చివరకు ఒక వానకాలం ముందు పెరట్లో తనే గుంట తవ్వింది.

గుంట నిండగానే అందులో పేడ కలిపింది.

"చేపలని చెప్పి పేడ పోస్తుండావేందే?" అన్నాడు పోలేరయ్య.

"ముందు నీళ్ళకు తిండి పెట్టాల మామా. నీళ్ళు పచ్చబడితే పురుగు పుడతాది. పురుగును పరిగె చేప తింటాది, పరిగెను కొరమీను తింటాది."

"కొరమీనును?"

"మనం!" అని నవ్వింది.

అన్నట్టే జరిగింది. కాలువలో పట్టిన పరిగెలు గుంటలో పెరిగాక, పుట్టింటి నుంచి కుండలో కొరమీను పిల్లలు తెచ్చి వదిలింది. ఆ ఇంట పులుసుకు కొదవ లేకపోయింది. అత్త మాలకొండమ్మ మాత్రం గుంట వైపు వెళ్ళేది కాదు. ఒడ్డున తిరిగే కోడిపిల్లను నీళ్ళలోంచి లేచిన నోరు లాక్కుపోవడం ఆమె పట్టపగలే చూసింది.

పంతొమ్మిది వందల యాభై రెండులో వాన ముఖం చాటేసింది. గుంట ఇంకిపోతుంటే దొరికిన చేపలన్నీ పట్టి తిన్నారు. అడుగున మిగిలిన బురదను పోలేరయ్య గడ్డలుగా పెళ్ళగించి, కూలిన వంటింటి గోడను మందంగా ఎత్తాడు.

ఆ గోడ పక్కనే మాలకొండమ్మ మంచం. ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆమె కోడల్ని పిలిచింది.

"గోడలో ఎవురో గుటకలు మింగతా ఉండారే."

"ఎండకు అట్టా అనిపిస్తాది అత్తా."

"చెవి పెట్టి చూడు."

చెంచులక్ష్మి చెవి ఆనించింది. మట్టి చల్లగా ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత, సరిగ్గా చెవి కింద, మెల్లగా ఒక గుటక. ఆగి, ఇంకొకటి. ఆమె మొగుణ్ణి కేకేసింది.

పోలేరయ్య గడ్డపారతో గోడ పగలగొట్టాడు. లోపల తడి ఆరని మట్టిలో, తన ఒంటి జిగురు పూసుకున్న తొర్రలో, చుట్ట చుట్టుకుని కొరమీను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు తెరిచి గాలి మింగి, మళ్ళీ మూసుకుంది.

సంగటికి పిండి లేని రోజులవి. పోలేరయ్య కత్తిపీట అందుకున్నాడు.

"వద్దు మామా. నీళ్ళు లేకుండా బతికినదాన్ని నేను కొయ్యలేను" అంటూ ఆమె దాన్ని కుండలో వేసింది. వానలు పడేదాకా ఈగలు, పురుగులు ఏరి మేపింది. గుంట నిండాక వదిలిపెట్టి, పరిగెలు పోసింది. దాని కోసం వల మాత్రం వెయ్యలేదు.

గోడలో ఇంకేమైనా ఉన్నాయేమోనని పోలేరయ్య గడ్డ గడ్డా చితక్కొట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. గోడకు బదులు అక్కడ కంప దడి కట్టారు. అయినా మాలకొండమ్మ మంచం గొర్రెల దొడ్లోకి మార్చుకుంది. పోయేదాకా ఆ ఇంట్లో పడుకోలేదు. ఎవరైనా పక్కన నీళ్ళు తాగుతుంటే చెవులు మూసుకునేది. అందుకని చెంచులక్ష్మి, ఎంత దాహమేసినా, చెంబు పట్టుకుని వీధిలోకి వెళ్ళి తాగి వచ్చేది.