చుక్క పెట్టని ట్రాలీ

ఆ ఏడాది మన నిచ్చెన పండించిన తీపి జొన్న ఎంత ఎత్తు పెరిగిందంటే, కంకి కోయడానికి నున్నగా గీసుకున్న గడ్డంతో పైకెక్కినవాడు దిగేసరికి గడ్డం మాసిపోయేది. పైన వాలిన పిట్టలకు కింద వాన పడిన సంగతి ఎవరైనా కబురు చేస్తే గానీ తెలిసేది కాదు. అతనికి నిచ్చెన అనే పేరు వచ్చింది అందుకే. నమ్మనివాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళొచ్చు, కాళ్ళెవరూ పట్టుకోలేదు.

అసలు ఆ చేను అతనిది కాదు, వాళ్ళక్కది. బావ మోకాలికి ఆపరేషనై మంచం మీదున్నాడు. ఆయన్ని లేపడానికీ కూచోబెట్టడానికీ అక్క ఇల్లు కదలడానికి లేదు. అందుకని ఆ ఏటికి చేను తమ్ముడి చేతిలో పెట్టింది.

"పొట్టి రకమే వెయ్యరా. యూరియా మోకాలెత్తులో ఒక్కసారి, అంతే. నీ తెలివి నీ చేలో చూపించుకో," అంది.

"నువ్వు చెప్పినట్టే అక్కా. నీ మాట ఎప్పుడు కాదన్నాను?"

"పుట్టినప్పట్నుంచీ," అన్నాడు మంచం మీంచి బావ.

జొన్న రసం కాచే పాకం మిల్లులో అక్క పంటకు ఒక మర్యాద ఉండేది. ఎవరి ట్రాలీ వచ్చినా మేస్త్రీ ఒక దంటు విరిచి, పిండి, రసం చుక్క తీపి కొలిచే గాజు మీద వేసి ఒంటికన్నుతో చూసేవాడు. తీపి చాలితే గానుగకి, చాలకపోతే పశువుల మేతకి. అక్క ట్రాలీకి మాత్రం చుక్క పెట్టేవాడు కాదు. చెయ్యి ఊపేవాడు, ట్రాలీ లోపలికి పోయేది.

నిచ్చెనకు ఆ మర్యాద కంటే ఎత్తు మీద మోజు ఎక్కువ. బస్సులో పోయేవాళ్ళు కిటికీలోంచి మెడ బయటపెట్టి చూడాలి. విత్తనాల కొట్లో పొడుగు రకం సంచి మీది బొమ్మలో, జొన్న పక్కన మనిషి చీమలా ఉన్నాడు. ఆ చీమ మీద మనసు పారేసుకున్నాడు. అది ఆలస్యంగా పండే రకమని కొట్టతను చెబుతూనే ఉన్నాడు, ఇతను సంచి భుజానికెత్తుకుని గుమ్మం దాటాడు. యూరియా మోకాలెత్తులో వేశాడు, నడుమెత్తులో వేశాడు, తలెత్తులో లోపలికి దూరే దారిలేక గట్టుమీంచి విసిరాడు. ఆకు నలుపు తిరిగేంత పచ్చగా వచ్చింది.

"ఎలా ఉందిరా చేను?" అని అక్క అడిగినప్పుడల్లా "చూస్తే కళ్ళు తిరుగుతాయి," అనేవాడు. అది అబద్ధం కాదు.

మిల్లులో వంతు దగ్గరపడ్డాక గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు, ఆరేసిన చీరను ఊపే పాటిది. చేనంతా చాప పరిచినట్టు పడిపోయింది. నిచ్చెన ఒక దంటు విరిచి నమిలాడు. గడ్డి నానబెట్టిన నీళ్ళు. ఆ మూలది నమిలాడు, ఈ మూలది నమిలాడు, అదే రుచి. వంతు పొట్టి రకం పండే రోజుల లెక్కన రాయించుకున్నది. ఈ రకమేమో తిన్న యూరియాకి ఇంకా పెరిగే పనిలోనే ఉంది, తీపి పట్టే ఊసే లేదు.

చెప్పేద్దామని అక్క గుమ్మం దాకా వెళ్ళాడు.

"మిల్లుకి నేనూ వస్తాన్రా," అంది అక్క. "మీ బావ డాక్టరుగారికి మన పాకం ఒక డబ్బా ఇస్తానని మాటిచ్చాను."

నిచ్చెన మంచినీళ్ళడిగి తాగి వచ్చేశాడు.

మిల్లు గేటు దగ్గర అక్క ముందే వచ్చి బల్ల మీద కూచుంది. ట్రాలీ వెనక నేలమీద ఈడ్చుకుంటూ వస్తున్న దంట్ల పొడవు చూసింది. మేస్త్రీ మాత్రం ఎప్పటిలాగే చెయ్యి ఊపాడు. "అక్కది కదా, పోనీ."

పోనిస్తే ఆ నీళ్ళు వెళ్ళి అందరి రసంతో పాటు ఒకే బానలో మరుగుతాయి. నిచ్చెన ట్రాక్టరు ఆపేశాడు.

"చుక్క పెట్టి చూడు మేస్త్రీ."

"అక్క ట్రాలీకా? ఎండ దెబ్బ తగిలిందా నీకు?"

"పెట్టి చూడు."

మేస్త్రీ నవ్వుతూనే పిండాడు. చూశాడు. గాజు తుడిచి మళ్ళీ చూశాడు. తరవాత గాజు మీంచి కన్ను తీసి అక్క వంక చూశాడు. నిచ్చెన ట్రాక్టరు దిగి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"విత్తనం నేను మార్చాను. యూరియా నేనే వేశాను. ఆవిడకి తెలీదు." వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అనాలనుకున్నాడు. గొంతు మేస్త్రీ దాకా కూడా సరిగా పోలేదు.

అక్క లేచి వచ్చి ఒక దంటు లాగింది, పళ్ళతో తొక్క తీసి నమిలింది. పిప్పిని కింద పడేయకుండా పిడికిట్లో పట్టుకుంది.

"తిప్పు," అంది. "మేతకి."

దారిపొడుగునా అక్క ట్రాక్టరు మీద పక్కనే కూచుంది. తిడుతుందేమోనని నిచ్చెన ఇంజను శబ్దం తగ్గించి మరీ నడిపాడు. తిట్టలేదు.

మరుసటి ఏడు అక్కే దగ్గరుండి పొట్టి రకం వేయించింది, యూరియా ఒక్కసారే. మేస్త్రీ అలవాటుగా చెయ్యి ఎత్తాడు. మళ్ళీ దించేసి, "ఏమనుకోకమ్మా," అంటూ గాజు తీశాడు. తీపి ఎప్పటిలాగే ఉంది. కానీ అప్పట్నుంచీ ఆవిడ ట్రాలీ కూడా అందరితో పాటు వరసలోనే. మేస్త్రీ ఒంటికన్నుతో చూస్తున్నంతసేపూ నిచ్చెన డ్రైవరు సీట్లో తన కాలివేళ్ళు చూసుకుంటూ ఉంటాడు.

వరసలో పొద్దుపోక ఎవరో ఒకరు ఆ జొన్న ఎత్తు గురించి, పిట్టల గురించి, మాసిన గడ్డం గురించి మొదలుపెడతారు. అక్క కూడా వింటూ ఉంటుంది. అప్పుడు మాత్రం అతను తలెత్తుతాడు.

"నేను నిచ్చెన ఎప్పుడూ ఎక్కలేదు. జొన్న నేలమీద పడి ఉంది. వంగి కోశాను."