అమ్మేసిన ఎద్దులకు దాణా

మున్వరన్న కంప్యూటర్లోంచి ఏదీ చెరపడు. ప్రోగ్రాం ఎందుకూ పనికిరాకుండా పోయినా, "ముసిల్దయిపోయినాది, ఉండనీప్పా పాపం" అంటాడు. మా ఆదోని పత్తి జిన్నింగు మిల్లుకు ఎనభై ఆరులో కంప్యూటరొస్తే, దాన్ని నడపడానికొచ్చిన మహానుభావుడాయన. మా ఎమ్మిగనూరు శాఖ మూతపడింది. దాని హాజరు ప్రోగ్రాం మాత్రం రోజూ పొద్దున్నే లేచి, ఒక్కడూ రాలేదని బాధపడేది.

అన్నిట్లోకీ ఘనమైనది ఎద్దుల దాణా ప్రోగ్రాం. మిల్లు యజమాని సేటు బండెద్దులను అమ్మేసి లారీలు కొన్నాడు. కంప్యూటర్లో వాటికి గానుగ చెక్క, తవుడు లెక్క తప్పలేదు. పైగా అది మాటిమాటికీ "మేసినాయా?" అని తెర మీద అడుగుతుంది. ఎవరో ఒకరు మీట నొక్కాలి. అందుకని, ఒకప్పుడు ఆ ఎద్దులను తోలిన మాదన్నను మున్వరన్న తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. "మేసినాయిలే!" అని పైకే జవాబు చెప్పి మరీ నొక్కేవాడు మాదన్న.

"ఎద్దులే లేవు కదన్నా?" అని అడిగాను. నేనక్కడ గుమాస్తాను.

"లేవని దానికెవురు సెప్పల్ల? నువ్వు సెప్తావా?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం! నా పద్దుల దగ్గరికి వెళ్లిపోయాను.

ఎనభై తొమ్మిదిలో కంప్యూటర్ నిండిపోయి, కొత్త జీతాల ప్రోగ్రాంకు చోటు లేకపోయింది. పనికిరానివన్నీ ఊడ్చెయ్యమని సేటు హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరమ్మను పిలిపించాడు. ఆమె ఎమ్మిగనూరును ఊడ్చేసింది. మున్వరన్న పక్కకు జరిగి దారిచ్చాడు! ఎద్దుల వంతు రాగానే మాత్రం మీటలకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీన్ని ముట్టొద్దమ్మా."

"దీనివల్ల ఏం పని జరుగుతోందండీ?"

మాదన్న టీకి బయటికెళ్లి ఉన్నాడు. మున్వరన్న గొంతు తగ్గించాడు. "ఎద్దులమ్మినాక మాదన్నను షెడ్డులో ఏసినారు. పత్తి దుమ్ముకు దగ్గి దగ్గి సగమైనాడు. ఈ ఏసీ గదిలో దుమ్ము లేదు. ఇది పోతే ఆయప్ప మళ్లా షెడ్డుకే పోవల్ల. ఆయప్ప కోసమనే ఆ 'మేసినాయా' నేనే రాసినా. ఆ షెడ్డులోనే పనిచేసే భీమమ్మకూ అదే దగ్గు. ఆయమ్మకు కుర్చీ ఏసేకి ఇంగో ముసిలి ప్రోగ్రాం దొరకల్యా."

అన్నాళ్లూ పక్కనే ఉండి కూడా నాకిది తట్టలేదు. ఆ క్షణాన ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!

ఇంతలో సేటు తలుపు తీశాడు. "ఏమ్మా, ఎద్దులది పీకేసినావా?"

ఇంజనీరమ్మ తెర వైపు తిరిగింది. "చోటు సరిపోయింది సార్. దాన్ని మాత్రం కదిలించకండి, మొత్తం పడిపోతుంది. కానీ అందులో ఒక పెద్ద లోపముంది."

మున్వరన్న ముఖం పాలిపోయింది. కంప్యూటరంటే మొదటినుంచీ దడిసే సేటుకు చెమట పట్టింది. "ఏం లోపమమ్మా?"

"మేత సంగతే అడుగుతోంది, నీళ్ల సంగతి అడగడం లేదు. దానికి ఇంకో మనిషి కావాలి."

మర్నాటి నుంచి భీమమ్మ ఏసీ గదిలో కుర్చీ వేసుకుని, లేని ఎద్దులకు నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది.