హిందోళంలో పంచమం

వయొలిన్ మాస్టారి భార్య తలుపు సగమే తీశారు. గుమ్మంలో నిలబడే నేను వచ్చిన పని చెప్పాను. విజయనగరం కోట దగ్గరున్న చిన్న హాల్లో మా ముగ్గురి జాజ్ కచేరీ ఉంది. ఊళ్లోని సంగీతకారుల్లో ఒకరిని అతిథిగా పక్కన కూర్చోబెట్టుకోమని నిర్వాహకులు అడిగారు. మాకు మాస్టారు తప్ప ఇంకెవరూ తోచలేదు. ఆవిడ అంతా విని, "ఆయన వాయించలేరు తల్లీ. నీకు తెలీదేటి?" అన్నారు.

తెలుసు. ఏడాది కిందట మాస్టారికి పక్షవాతం వచ్చింది. మాటా నడకా చాలావరకు తిరిగొచ్చాయి. ఎడమ చేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ మాత్రం తిరిగి రాలేదు. వయొలిన్ వాయించే మనిషికి ఆ చేతి వేళ్లతోనే కదా స్వరాలు పలికేది. పాతపట్నం వైపు వరి పండించుకునే ఇంట్లో పుట్టి, సంగీతం కోసం విజయనగరం వచ్చి, పాఠాలు చెప్పుకుంటూ ఇక్కడే ఉండిపోయారాయన. చిన్నప్పుడు నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రాగంలో లేని స్వరం పడిందంటే వయొలిన్ కమాను చివరతో వేళ్ల మీద ఒక్కటి తగిలించేవారు. తర్వాత నా మనసు డబుల్ బేస్ మీదికి పోయింది. మనిషంత ఎత్తున నిలబడే ఆ వాయిద్యాన్ని ఆటోలో ఎక్కించుకుని మొదటిసారి ఆయనకు చూపించడానికి వెళ్తే, చుట్టూ తిరిగి చూసి, "బాగా ఎదిగిపోనాదే నీ వయొలిన్" అన్నారు.

"ఎవలే వచ్చింది?" లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. ఇక తలుపు తియ్యక తప్పలేదు ఆవిడకు.

ఫోన్లో మేం వాయించిందొకటి వినిపించాను. మా ఆయన కీబోర్డు. శ్రీకాకుళంలో చర్చి పాటలకు వాయిస్తూ పెరిగిన చెయ్యి. డ్రమ్స్ వాయించేది మేం తమ్ముడని పిలుచుకునే కుర్రాడు. వాడిది భోగాపురం దగ్గర సముద్రంలో వేటకెళ్లే కుటుంబం. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో తిరిగి తిరిగి మా దగ్గరికొచ్చాడు. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"దరువెక్కడున్నాదో ఆడికి తెలుసు గానీ మనకి సెప్పట్లేదు" అన్నారు.

"వెతుక్కోమంటాడు మాస్టారూ."

"ఊఁ. ఎప్పుడు రావాల?"

ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయారు. నేను వెనకే వెళ్లాను. టీకి నీళ్లు పెడుతూ, నా వైపు తిరక్కుండానే మాట్లాడారు.

"పాత శిష్యులు వస్తన్నారు. సెయ్యి సూసి ఏడుస్తన్నారు. ఆళ్లెల్లిపోనాక ఈయన పొద్దల్లా మాట్లాడడు. రోజూ నూని రాసి ఆ సేతి ఏళ్లు తోముతాను. ఆయనేమో తన సేతిని తనే తిట్టుకుంటాడు. ఇప్పుడు పదిమందీ సూడాలా?"

టీ గ్లాసులు అందుకుని ఇవతలికి వచ్చేశాను.

సాధన మా ఇంటి ముందుగదిలో మొదలైంది. హిందోళం అనుకున్నాం. అయిదే స్వరాలు, మాస్టారికి ప్రాణమైన రాగం. ఆయన చూపుడు వేలినీ మధ్య వేలినీ తీగ మీద జారుస్తూ నెమ్మదిగా వాయించేవారు. నాదం సన్నగా, ఒక్కోచోట తెగిపోయేలా ఉండేది. మేం ముగ్గురం ఒకరితో ఒకరు అనుకోకుండానే ఒకటే పని చేశాం. ఆయన నాదం సన్నబడినచోటల్లా మా ఆయన కీబోర్డు మీద గుప్పెడు స్వరాలు పరిచేవారు. నేను కింద గట్టిగా మోగించేదాన్ని. తమ్ముడు డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్లేల మీద జల్లుమనిపించేవాడు. వినడానికి బాగానే ఉంది. ఎక్కడా లోటు తెలియడం లేదని నేను లోపల సంతోషపడుతున్నాను కూడా.

మాస్టారు కమాను దించేశారు.

"ఒసే, నన్ను దాసేస్తన్నారేటే మీరు?"

తమ్ముడు నా వంక చూశాడు.

"నా సెయ్యి ఎలగున్నాదో నాకు తెలుసు. దానిమీద దుప్పటి కప్పక్కర్లేదు. అలగైతే నానెందుకు? మీరే వాయించుకోండి."

ఆయన భార్య గోడవార కుర్చీలో కూర్చుని ఉన్నారు. లేచి వయొలిన్ పెట్టె తెస్తారేమో అనుకున్నాను. ఆవిడ కదల్లేదు. తమ్ముడు పుల్లలు ఒళ్లో పెట్టుకుని, "మరి ఖాళీ వచ్చేస్తాది కదా మాస్టారూ. జనం ఏటనుకుంటారు?" అన్నాడు.

"రానీరా. వస్తే వస్తాది."

ఆ రోజు నుంచి మేం తక్కువ వాయించడం నేర్చుకున్నాం. ఇది చెప్పినంత తేలిక కాదు. పక్కన ఒక మనిషి తడబడుతుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా ఉండటానికి ఒళ్లంతా బిగబట్టుకోవాలి. మా ఆయనైతే ఒక చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు.

కచేరీ సాయంత్రం హాలు దాదాపు నిండింది. ముందు వరసలో మాస్టారి పాత శిష్యులు, ఇప్పుడు తామే పాఠాలు చెబుతున్నవాళ్లు, పట్టుపంచెలు కట్టుకుని వచ్చారు. ఆయన భార్య ఆఖరి వరసలో గుమ్మం పక్కన కూర్చున్నారు. మేం ముగ్గురం కాసేపు వాయించాక మాస్టారు వచ్చారు. తమ్ముడు మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, తనే నడిచొచ్చి కూర్చున్నారు.

హిందోళం మొదలైంది. సాధనలో కంటే నిదానంగా వాయిస్తున్నారు. నేను షడ్జం ఒక్కటే, అదీ ఆగి ఆగి మోగిస్తున్నాను. మధ్యమం నుంచి ధైవతానికి వెళ్లబోయి, ఆయన మధ్య వేలు అందుకోలేక అరస్వరం కిందే ఆగిపోయింది. పంచమం పడింది. హిందోళంలో పంచమం ఉండదు. ముందు వరసలో ఒకాయన తల దించుకున్నాడు. మాస్టారు ఆగిపోయారు.

వెనకెవరో జాలిగా చప్పట్లు కొట్టారు. ఇంకొందరు అందుకున్నారు. మాస్టారు కమాను పైకెత్తి పట్టుకున్నారు. చప్పట్లు ఆగాయి. మా ఆయన చేతులు కీబోర్డు మీద నుంచి పూర్తిగా తీసేశారు. తమ్ముడు పుల్లలు ఒళ్లో పెట్టేసుకోవడం నాకు కనిపిస్తోంది. నా వేళ్లు తీగ మీదే ఉన్నాయి. మోగించాలని ఎంత లాగిందో నాకే తెలుసు. మోగించలేదు.

మాస్టారు కమాను దించి మళ్లీ ఆ పంచమమే వాయించారు. ఈసారి జారి పడింది కాదు, కావాలని పెట్టింది. పొడుగ్గా, అలా నిలిపి ఉంచారు. చిన్నప్పుడు నా వేళ్లు వాచేలా కొట్టి దూరంగా ఉంచిన స్వరాన్ని ఆయనే పట్టుకుని కూర్చున్నారు. నేను కింద షడ్జం కలిపాను. మా ఆయన రెండే రెండు స్వరాలు మెల్లిగా ఆనించారు. అక్కణ్నుంచి ఆయన ఎప్పటికో ధైవతానికి వెళ్లి, హిందోళంలోకి తిరిగొచ్చి, ముగించారు. అప్పటికి నాకు ఎదురుగా ఏమీ సరిగ్గా కనిపించడం లేదు.

కచేరీ అయ్యాక తల దించుకున్న శిష్యుడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆయనకీ జుట్టు నెరిసింది. "మాస్టారూ, ఆ పంచమం..." అని ఆగిపోయాడు.

"పడిపోనాను రా" అన్నారు మాస్టారు. "పడిన కాడే కాసేపు కూకున్నాను. అంతే."

ఆ శిష్యుడు ఏడవలేదు. వంగి, వయొలిన్ పెట్టె తనే తీసుకుని ఆటో దాకా మోశాడు.

మళ్లీ మాతో వాయించాలని మాస్టారు అన్నారు. శ్రీకాకుళంలో ఒకచోట మాట్లాడుకున్నాం కూడా. అది జరగలేదు. వానాకాలం మొదట్లో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి కుడివైపు. ఆసుపత్రిలో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయారు. కొద్దిరోజులకే పోయారు.

కర్మలు అయ్యాక నేనూ మా ఆయనా ఆవిడను చూడటానికి వెళ్లాం. ఈసారి తలుపు తీసే ఉంది. ఆవిడ నడవలో చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతున్నారు. మేం కింద కూర్చున్నాం. ఆ కచేరీకి ఆయన్ని పిలిచి తప్పు చేశానేమోనని నా లోపల ఒక బెంగ ఉండేది. అది అడగడానికే వచ్చాను గానీ, చేటలో చెయ్యి పెట్టి నేనూ రాళ్లేరడం మొదలుపెట్టాను.

ఆవిడే అన్నారు. "ఆ రోజు నాను ఇంటికాడే ఉండిపోదామనుకున్నాను తల్లీ. ఆటో ఎక్కాక కూడా దిగిపోదామనుకున్నాను. ఆ సప్పట్లు కొట్టినప్పుడైతే లేసి నిలబడ్డాను, బయటికెల్లిపోడానికి. మళ్లీ వాయించాడు కదా, అలగే నిలబడి ఇన్నాను."

ఏరిన రాళ్లు పక్కన పడేసి, "ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. ఆకలేస్తన్నాదన్నాడు. అప్పటికి ఆ మాట ఇని ఏడాదయ్యింది" అని మళ్లీ చేట ముందుకు లాక్కున్నారు.