‘న్యాయమే’ అన్న సుగుణక్క

ఇవాళ పక్కింట్లో రసానికి పోపు పెట్టారు. ఆ ఇంగువ ఘాటు గోడ దూకొచ్చి, నా ముక్కు పట్టుకుని, తిన్నగా సుగుణక్క ఎదుట కూర్చోబెట్టింది. అక్క కోచ్. ఆటలకు కాదు, ట్యూషన్లకూ కాదు. ఎటూ తేల్చుకోలేక నలిగేవాళ్ళను ప్రశ్నలడిగి, దారి వాళ్ళ నోటితోనే చెప్పించడం ఆమె పని. నిక్షేపంలాంటి ఆఫీసు ఉద్యోగం వదిలి నేనామె దగ్గర శిష్యుడిగా చేరినప్పుడు, మా బంధువుల చూపులకు ఇనప బీరువా అయినా కరిగిపోయేది. పాత ఉద్యోగానికే పోతానని రోజూ అనేవాణ్ణి.

ఒక పెళ్ళి భోజనాల్లో మా మిరపకాయల మండీ మామ, మామూలుగా మాట్లాడితేనే ఎక్కడో మాధవరంలో బస్సులాగిపోయే మనిషి, ఎదుటి వరుసలో ఉన్న అక్కను కేకేశాడు. “ఏమ్మా సుగుణా, ఊరికే మాట్లాడేదానికి కూడా ఒక ఉద్యోగమా? మావాణ్ణి చెడగొట్టినావే!”

పంక్తి మొత్తం నమలడం ఆపింది. అరటాకు కింద దూరుదామనుకున్నాను, నా పొట్ట ఒప్పుకోలేదు.

“మీ అనుమానం న్యాయమే మామా,” అంది అక్క. “ఈ పనికి ఎవురైనా బోర్డు పెట్టేయొచ్చు. మోసగాళ్ళూ ఉండారు.”

“సెరి, నాకో సలహా చెప్పు చూద్దాం. మా పాప మండీలో యాపారానికి కూర్చుంటానంటా ఉండాది. వద్దంటే అలిగింది.”

“సలహా నా దగ్గర లేదు మామా. ఒకటి అడుగుతా. మీ భయం ఆ పిల్ల గురించా, నలుగురూ ఏమంటారనా?”

మామ రసానికి అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. రసం ఆకు దాటి ఆయన పట్టుపంచె మీద కాలువ కట్టింది. “నలుగురే,” అన్నాడు, నేను పుట్టాక మొదటిసారి మెల్లగా.

కొన్నాళ్ళకు పాప మండీలో కూర్చుంది. మామ ఊరంతా చాటాడు: “సుగుణ ఏం చెప్పింది? ఏమీ చెప్పలే! నేనే ఆలోచించి నేనే తీర్మానించినా!” నాకు ఒళ్ళు మండింది. మా పనిని నమ్మించడానికి దొరికిన ఒక్క సాక్షీ ఇలా అడ్డం తిరిగాడు. “నీవల్లేనని అందరికీ చెప్పేద్దాం అక్కా,” అన్నాను.

“ఆయన అనేది నిజమే గదరా. తీర్మానం ఆయనది. దాన్ని దొంగిలించి మన బోర్డుకి తగిలిస్తే, అప్పుడు మనం మోసగాళ్ళమే.”

ఆ తర్వాత పాత ఉద్యోగం మాట నేనెత్తలేదు.

అక్క ఇప్పుడు లేదు. మొన్న టీ అంగట్లో ఒకాయన, నెలల తరబడి నా ఎదుట కూర్చుని ధైర్యం కూడగట్టుకున్నవాడే, “కోచ్‌లంతా బూటకం సార్, నా సంగతి నేనే చక్కబెట్టుకున్నా,” అన్నాడు. ఏనుగంత జవాబు గొంతులోకొచ్చింది. వేడి టీతో దాన్ని మింగి, “అవును సార్, మీరే,” అన్నాను. అబద్ధమేమీ చెప్పలేదు.