ఎడమ చేత్తో చేసిన ఫోను స్టాండు

మా పక్కింటి వడ్రంగి మేస్త్రి మొన్న మంగళవారం పొద్దున్న కన్నుమూశారు. పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకాయన నా ఎదుటే, "పాపం, చివర్లో చెక్క ముక్కలతో ఆడుకుంటూ గడిపేడు" అన్నాడు. ఆడుకోలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, తప్పు కనిపిస్తే దిద్దకుండా ఊరుకోలేను. అందుకే ఇది రాస్తున్నాను.

కిందటేడు పక్షవాతం వచ్చి మేస్త్రి కుడిచెయ్యి పడిపోయింది. అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే ఆయన కొడుకు, తండ్రి మీద ప్రేమతోనే, పనిముట్ల పెట్టెను రోలుగుంటలో వడ్రంగం చేసే మేనమామకు ఇచ్చేస్తానన్నాడు. ఉలి జారి ఉన్న చెయ్యీ తెగితే ఎలా అని అతని భయం. పెట్టెకు తాడు కూడా కట్టేశాడు.

"ఒక్క వస్తువు సేసి సూపిత్తాను. పనికొత్తే పెట్టె ఇక్కడే ఉంటాది. రాదంటే నువ్వే అంపీ" అన్నారు మేస్త్రి.

ఏ వస్తువన్నది మా ఇంట్లో తేలింది. ఛార్జింగుకు పెట్టిన నా ఫోను కిటికీ గట్టు మీంచి వైరుతో సహా కిందపడుతుండేది. స్టాండు చేస్తానన్నారు. బజారులో దొరుకుతుంది కదా అన్నాను.

"దొరుకుద్ది టీచరమ్మా. నాను సేసింది దొరకదు."

ముందు అట్టతో మొదలుపెట్టారు. "అట్ట మీద ఎన్ని తప్పులైనా సేద్దాం, సెక్క మీద ఒక్కటీ వద్దు" అనేవారు. అట్టను కాలితో తొక్కిపట్టి ఎడమ చేత్తో కోసేవారు. మొదటిది చక్కగానే నిలబడింది. కానీ ఫోను కింద ఎక్కడా సందు లేదు. ఛార్జరు ఎలా గుచ్చాలని అడిగాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నలభై ఏళ్లు తలుపులు సేసినోణ్ని. కింద సందుంటే ఎలకలొత్తాయని మూసీసేను."

రెండోది వెనక్కి పడింది. మూడోది నా తప్పు. కొలతలు మిల్లీమీటరు తేడా లేకుండా ఇచ్చాను గానీ, కవరు తీసేసి కొలిచాను. ఫోను గాడిలో దిగలేదు. లెక్కల టీచరుకి ఎన్ని మార్కులెయ్యాలని అడిగారు. సున్నా అన్నాను. మొహమాటపడకుండా ఒప్పుకున్నారు.

నా నోటుబుక్కులో ఉంది: అట్టవి నాలుగు, మామిడి చెక్కవి మూడు. ఏడింటికీ కొలతలు, పనికిరానివి ఎందుకు రాలేదో రాసిపెట్టాను. చెక్క పనికి ఆ రోలుగుంట బావమరిది దగ్గరే అరువు తెచ్చిన రంపం వాడారు. కొడుకు కట్టిన తాడు ఆయన ముట్టుకోలేదు.

"ఫోను నిలబెట్టీసరికి మనిషి పడిపోతాడు, సూడండి టీచరమ్మగారూ" అని ఆయన భార్య సణిగేది.

"పడిపోడం ఎప్పుడో అయిపోనాదే. ఇప్పుడు లెగడమే" అనేవారు.

ఏడోది కొడుకు సెలవు రోజున చూపించారు. ఒక్క ఎడమ చేత్తోనే ఫోను పెట్టి, వైరు గుచ్చారు. కొడుకు వైరు పట్టుకుని లాగాడు. స్టాండు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు.

"గోడకున్న ప్లగ్గు ఊడొత్తాదిరా, ఒగ్గీ" అన్నారు మేస్త్రి.

అతను నవ్వలేదు. రంపం మాత్రం పంపేస్తానని బేరం పెట్టాడు. రంపం లేకుండా ఉలి ఏటి సేత్తాదని తండ్రి అడిగారు. అతను వెళ్లి పెట్టె తాడు విప్పాడు.

ఆ తర్వాత ఆయన బతికిన ఏడు నెలల్లో మా వీధికి రెండు పీటలు, ఒక గూటి తలుపు చేసిపెట్టారు. దాన్ని ఆట అన్న పెద్దమనిషి ఒక్క పీట చేసి తీసుకురావచ్చు, నేను కొలిచి చూస్తాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ఇంకా కొయ్యని పలక ఒకటి గోడకు ఆనించి ఉంది. దాని మీద పెన్సిలు గీతలున్నాయి. పైన ఉన్నవి వణికాయి. అన్నిటికన్నా కిందిది, ఆఖరున గీసింది, ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా ఉంది. కొడుకు దాని ముందు గొంతుక్కూచుని, ఆ గీత మీద బొటనవేలు ఆనించి చివరిదాకా నడిపించాడు. మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి నడిపించాడు.