నల్లపావుల రెండో ఎత్తు

మా అక్క మొగుడు ప్రెస్సులో బైండరు. మధ్యాహ్నం అన్నం తినగానే కాగితం కట్టల మీద చదరంగం బల్ల పరిచేవాడు. ఎదురుగా మేనేజరు కూర్చునేవాడు. తెల్లపావులు ఎప్పుడూ మేనేజరువే, అది వేరే చెప్పక్కర్లేదు. పదకొండేళ్లు బావ నల్లపావులతోనే ఆడాడు.

ఇద్దరి రాజుల ముందున్న బంట్లూ ఎదురెదురుగా నిలిచాక మేనేజరు గుర్రాన్ని దూకించి బావ బంటుకు గురిపెట్టేవాడు. బుద్ధున్నవాడెవడైనా ఆ బంటును కాపాడుకుంటాడు. బావ మాత్రం మంత్రి ముందున్న బంటును కూడా రెండు గళ్లు తోసి నడిబల్లలో పెట్టేవాడు.

"కొడితే కొట్టండి సార్" అనేవాడు.

అందులో ఏదో మెలిక ఉందని మేనేజరు తటపటాయించి ఇంకేదో ఆడి, వారానికి నాలుగుసార్లు ఓడిపోయేవాడు. మెలికా లేదు, పాడూ లేదు. బంటుతో ఆ బంటును కొట్టేస్తే తెల్లవాడిదే పైచేయి. ఆ సంగతి బావ నాకొక్కడికే చెప్పాడు.

బతుకులోనూ బావది ఇదే తెగులు. తనను తాను కాపాడుకోవడం చేతకాదు.

ఒకసారి రెండు వేల బడిపుస్తకాల్లో ఎనిమిదో ఫారం, అంటే పదహారు పేజీల మడత, రెండుసార్లు పడి, తొమ్మిదోది ఎగిరిపోయింది. మేనేజరు సంతకం పెట్టిన నమూనా కాపీ ఎలా ఉంటే బైండరు ఫారాలు అలా పేర్చాలి. అయినా యజమాని సంజాయిషీ అడిగింది బావనే.

"పొరపాటైందని ఒక్క మాట అనండి. ఉద్యోగం నిలుస్తుంది" అని అక్క ముందురోజే కాళ్లావేళ్లా పడింది. బావ వింటేగా.

"నమూనా తెప్పించండి సార్. తప్పు అందులోనే ఉంది. కింద సంతకం ఎవరిదో మీరే చూడండి" అన్నాడు.

నమూనాలుండేది నా బీరువాలో. స్టోరు గుమాస్తాను నేనే. యజమాని నా వైపు చూశాడు. ఆయన పక్కనున్న మేనేజరూ చూశాడు.

"వెతికానండి. కనబళ్లేదు" అన్నాను.

నేనింత పిరికివెధవనని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ నమూనా ఇప్పటికీ నా బీరువా రెండో అరలోనే ఉంది. బావను ఆ సాయంత్రమే పంపేశారు. పోతూ పోతూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు మేనేజరుకు ఎదురుగా కూర్చునేది నేను. నల్లపావులు ఆయన తీసుకుంటాడు. నేను గుర్రం దూకించగానే మంత్రి ముందున్న బంటును నడిబల్లలోకి తోసి, "నా ఎత్తు ఎలా ఉందోయ్?" అంటాడు. నేను తల గోక్కుని, కావాలనే ఇంకేదో ఆడి ఓడిపోతాను.

మొన్న ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్లాను. బావ నేలమీద కూర్చుని ఎవరివో పాత పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు.

"మేనేజరు నా ఎత్తే ఆడుతున్నాడటగా?" అన్నాడు.

ఔనన్నాను.

"మరి బంటుతో కొట్టావా?"

నేను తల దించుకున్నాను. బావ వేళ్లకంటిన జిగురును గుడ్డతో తుడుచుకున్నాడు.

"కొట్టకులే. నీ ఉద్యోగమన్నా ఉండనీ."

ఆ మాట ఎగతాళిగా అన్నా బాగుండేది.