ఎనిమిదో కప్పు

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు ప్రపంచం రెండే భాగాలుగా కనిపించేది: తూకం ఒకటి, తూకం అయ్యాక పైన వేసే కొసరు ఒకటి. ఆమదాలవలసలో మాది పచారీ కొట్టు. తూకం దగ్గర మా నాన్న ధర్మరాజే గానీ, కొసరు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయేవి. మనం వేసేటప్పుడు నాలుగు గింజలు, తెచ్చుకునేటప్పుడు గుప్పెడు. ఇదీ ఆయన దగ్గర నేను నేర్చుకున్న చదువు. (డిగ్రీ కూడా చదివాను. దాని గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.)

ఆ చదువు చూసే లీగ్ కమిటీవారు నన్ను పిలిచారు. రెండు జిల్లాల వ్యాపారులు కలిసి, ఆరు జట్లతో, ఆటగాళ్ళకు జీతాలిచ్చి ఓ ఫుట్‌బాల్ లీగ్ నడిపేవారు. బ్యానరు మీద 'ప్రొఫెషనల్' అన్న మాట జట్ల పేర్లకన్నా పెద్దగా ఉండేది. సీజన్ చివర బహుమతి కప్పులు కొనుక్కురావడం నా పని. మొత్తం ఏడు. జట్లకు విజేత, రన్నరప్, క్రమశిక్షణ కప్పులు మూడు. మనుషులకు ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి, ఉత్తమ గోల్‌కీపర్‌కి, ఉత్తమ ఆటగాడికి, ఉత్తమ యువ ఆటగాడికి నాలుగు. కొనడానికి వెళ్ళే ముందురోజు గోడ మావ మా కొట్టుకు వచ్చాడు.

గోడ మావది నెల్లిమర్ల. పద్నాలుగేళ్ళుగా డిఫెండర్, గోల్ ముందు గోడలా నిలబడతాడని ఆ పేరు. బంతిని తలతో ఆపీ ఆపీ కనుబొమ్మ రెండు ముక్కలై అతుక్కుంది. అది అతని ఆఖరి సీజన్. పావుకిలో బెల్లం కట్టించుకుని, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"ఒరే అల్లుడా, డిఫెండర్‌కి కప్పు లేదేటిరా?"

"లేదు మావా."

"ఎప్పుడూ నేదు. నాకేటి గానీ, మా పిల్ల ఆరో తరగతికొచ్చీసినాది. 'అందరి ఇళ్ళల్లోనూ కప్పులున్నాయి, నువ్వు నిజంగా ఆడతావా నానా, బంతులు తెచ్చిస్తావా' అని అడుగుతన్నాది."

నవ్వుతూనే చెప్పాడు. కానీ బెల్లం పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ చెప్పాడు. "చూద్దాం మావా" అన్నాను. (కొట్టువాళ్ళ భాషలో ఆ మాటకు 'లేదు' అని అర్థం.) అయినా మనసు ఒప్పక కమిటీ పెద్దను అడిగాను. ఆయన చేతులు చాచి మైదానమంతా గాలిలో గీసి చూపించాడు. "గోల్ కొట్టినోడికి ఉన్నాది, గోల్ కాడ నిల్చున్నోడికి ఉన్నాది. మజ్జిలో ఉన్నోళ్ళందరికీ ఇచ్చుకుంటూ పోతే మన కొంపలే మిగలవు. ఏడే!"

విజయనగరంలో షీల్డుల సావుకారు దగ్గర రెండు గంటలు బేరమాడాను. మూడుసార్లు మెట్లు దిగాను, మూడుసార్లూ ఆయనే పిలిచాడు. చివరికి ఏడు కప్పులూ బల్లమీదికి వచ్చాక, పై అరలో దుమ్ము కొట్టుకుపోయిన చిన్న కప్పు ఒకటి కంటపడింది. "ఏడు కొన్నాం, కొసరు లేదా?" అన్నాను. సావుకారు నిర్ఘాంతపోయాడు. "కప్పులకి కొసరేటి బావూ! ఇదేటి ఉల్లిపాయలా?" అన్నాడు. అయినా ఇచ్చాడు. ఆ ఏడింటి మీద ఏం చెక్కాలో కాగితం రాసిచ్చి, ఎనిమిదోదాని సంగతి తర్వాత చెబుతానని రైలెక్కేశాను. ఎక్కుతూనే గోడ మావకు ఫోను: "మావా, కప్పు వస్తోంది. పిల్లని తీసుకురా." నా దగ్గర ఒక్క పైసా ఖర్చు కాకుండా దానం చేసిన ఆనందం అంతా ఇంతా కాదు.

రైలు కదిలాక సావుకారు ఫోన్ చేశాడు. పక్కన పల్లీలవాడి కేక, కింద చక్రాల మోత. "ఎనిమిదోది ఏటి బావూ?" అన్నది మాత్రం వినబడింది. వినగానే నా ఒళ్ళు భగ్గుమంది. ఇచ్చినట్టే ఇచ్చి దానికి కూడా ధర కడుతున్నాడన్నమాట!

"అది కొసరు!" అని అరిచాను.

"కొసరా?"

"ఆఁ, కొసరే! మాట మారిస్తే ఊరుకోను!"

"అలాగే బావూ, తవరిష్టం" అన్నాడు ఆయన, పాపం.

బహుమతుల రోజు మధ్యాహ్నం శ్రీకాకుళంలో కప్పుల పెట్టె నా చేతికొచ్చింది. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదీ ఉన్నాయి. మేం లెక్క చూసుకునే జాతి, రాత చూసుకునే జాతి కాదు.

సాయంత్రం కాలేజీ మైదానంలో సభ. రిటైరైన తెలుగు మాస్టారు ఒక్కో కప్పూ ఎత్తి, కళ్ళజోడు సర్దుకుని, రేకు మీద ఉన్నది చదివి పిలుస్తున్నారు. ఏడూ అయ్యాయి. ఎనిమిదోది తీసి నా వైపు చూశారు. గోడ మావ పేరు చెవిలో చెప్పి, వేదిక పక్కన గర్వంగా నిలబడ్డాను. మాస్టారు రేకు చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. ఆయనకు అచ్చయిన అక్షరం మీద ఉన్న గౌరవం అలాంటిది.

"ఇప్పుడు... కొసరు... అవార్డు."

ముందు వరుసల్లో కూర్చున్నదంతా వ్యాపారులే. ఆ మాటకు అర్థం తెలియనివాడు ఒక్కడూ లేడు. మైదానమంతా నవ్వింది. నేను బ్యానరు వెనక్కి జరిగాను. గోడ మావ అప్పటికే లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తడిపి దువ్విన జుట్టు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వేదికెక్కి, రెండు చేతులా కప్పు అందుకుని, మాస్టారికి నమస్కారం పెట్టి దిగిపోయాడు. అతన్ని దాటుకుని బంతి పోవడం నేను చాలాసార్లు చూశాను గానీ, ఆ ముఖం అలా ఉండగా ఎప్పుడూ చూడలేదు.

పిల్ల ఎదురొచ్చి కప్పు లాక్కుంది. వేలు పెట్టి చదివింది.

"కొ... స... రు. కొసరంటే ఏటి నానా? ఎందుకు నవ్వుతన్నారు?"

బ్యానరు గుడ్డ పక్కనుంచి నేను తొంగి చూశాను.

"కొట్లో తూకం అయిపోనాక, కొట్టుబాబు మన మొకం సూసి, మనసు పుట్టి పైన ఏస్తాడు సూడు, అది. అందరికీ ఎయ్యడు" అన్నాడు గోడ మావ.

పిల్ల కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే మిగతా ఏడుగురికీ ఏసింది తూకమేనా?"

"తూకమే."

ఆ పిల్ల కప్పును రెండు చేతులా గుండెకు హత్తుకుని, నవ్విన వరుసల ముందు నుంచే నడిచి వెళ్ళింది.

మర్నాడు మొదటి రైలుకే విజయనగరం వెళ్ళాను. 'ఉత్తమ డిఫెండర్' అని కొత్త రేకు చెక్కమన్నాను. సావుకారు ధర చెప్పాడు. ఇచ్చాను. ఆయన కంగారుగా నా ముఖంలోకి చూసి, "ఏటి బావూ, ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు. అక్కణ్ణించి తిన్నగా నెల్లిమర్ల. గోడ మావ అరుగు మీద కూర్చుని బూట్లకు అంటిన మట్టి గీకుతున్నాడు. తప్పంతా ఒప్పుకున్నాను, ఫోను గొడవతో సహా. విని, రేకు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగున్నాదిరా అల్లుడా" అని నా చేతిలో పెట్టేశాడు. "వొద్దు."

"అదేంటి మావా! నీకు రావాల్సింది ఇదే కదా."

"పిల్ల పొద్దున్నే కప్పట్టుకుని బడికెల్లిపోనాది. క్లాసులో అందరికీ సెప్పేసుంటాది. ఇప్పుడు రేకు మారిస్తే, రేత్రి నాను సెప్పింది అబద్దమైపోతాది." బూటు తిప్పి ఒకసారి నేలకేసి కొట్టాడు. మట్టి రాలింది. "కూకో. టీ తాగి ఎల్దువు గానీ."

ఆ రేకు ఇప్పటికీ మా కొట్టు గల్లా వెనక గోడకు కొట్టి ఉంది. పూర్తి ధర పెట్టి కొన్న వస్తువును పారేయడానికి నాకు చేతులు రాలేదు. అప్పుడప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చదివి, నా పొట్ట వైపు ఓసారి చూసి, "మీరు ఫుట్‌బాల్ ఆడేవారేటండీ?" అని అడుగుతారు. జన్మలో ఒక్కసారి బంతిని తన్నాను, అది పోయి మా నూనె డబ్బాకే తగిలింది. "లేదండీ, నాది కాదు" అనే అంటాను. కాకపోతే, కాస్త ఆలస్యంగా అంటాను.